మాణిక్యమ్మ గారి సంతానం

మా ఊళ్ళో పూర్వీకులకు ఏనాడూ కొరత లేదు. మంచినీళ్ళు రెండు రోజులకోసారి వచ్చేవి, కరెంటు వచ్చిపోతుండేది, పూర్వీకులు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండేవారు. ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ కంటే ముందు ఒక ముత్తాత వచ్చేవాడు. ఆయన ఏనుగు మీద తిరిగినవాడో, దొరగారికి ఎదురు చెప్పినవాడో, కనీసం కాశీకి నడిచి వెళ్ళొచ్చినవాడో అయి ఉండేవాడు. వంశచరిత్రలు అచ్చు వేయించుకునే మోజు మొదలయ్యాక ఈ ముత్తాతలు ఇంకా ఎత్తు పెరిగారు. ఒక్కరి ముత్తాతా అధిక వడ్డీ తీసుకోలేదు. ఒక్కరి ముత్తాతా అన్నదమ్ముల పొలం కలుపుకోలేదు.

పెద్ద మార్కెట్టుకు నూరేళ్ళు నిండిన రోజున గొడవ వచ్చింది. మార్కెట్టుకు స్థలం ఇచ్చిన బసవయ్య గారు తమ ముత్తాత అని రైసుమిల్లు వాళ్ళు దండ తెచ్చారు. కాదు, తమ ముత్తాత అని సినిమాహాలు వాళ్ళు ఇంకా పెద్ద దండ తెచ్చారు. వేదిక మీద తోపులాటలో బసవయ్య గారి పటం పగిలింది. దండలు రెండూ వెళ్ళి పక్కనున్న మునిసిపల్ కమిషనరు గారి మెడలో పడ్డాయి. ఒకదానికి ఇనుప తీగ ఉండడంతో ఆయన మెడ గీసుకుపోయింది. మెడకు కట్టుతోనే ఆ సాయంత్రం ఆయన ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

"వ్రాతపూర్వకమైన ఆధారము లేని పూర్వీకుడు పూర్వీకుడు కానేరడు" అన్నది ఆ ఉత్తర్వులో మొదటి వాక్యం. రెండో వాక్యం పురపాలక పూర్వీకుల నిర్ధారణ కార్యాలయాన్ని స్థాపించింది. ఇక మీదట బంధుత్వం చెప్పుకోవలసిన ప్రతి చోటా, బడిలోనైనా ఆసుపత్రిలోనైనా, ఆ కార్యాలయం ఇచ్చిన వంశపత్రం చూపించాలని మూడో వాక్యం చెప్పింది. ఊరంతా సంతోషించింది. ఎదుటివాళ్ళ ముత్తాత బండారం బయటపడుతుందని ప్రతివాళ్ళకూ గట్టి నమ్మకం.

అధికారిగా విరూపాక్షం గారిని వేశారు. మా ఊరివాడే. యాభై రెండేళ్ళుంటాయి. చరిత్రలో ఎమ్మే చేసి, రాజుల రాగిరేకుల శాసనాల మీద పరిశోధన మొదలుపెట్టి, ఉద్యోగం రాగానే ఆపేసిన మనిషి. ఆయనకు పాత జనన మరణాల రిజిస్టర్ల గది ఇచ్చారు. అందులో సగం రిజిస్టర్లు చెదలు తినేశాయి.

"మిగిలిన సగము చాలును. చరిత్ర ఎప్పుడూ మిగిలిన సగముతోనే వ్రాయబడును" అన్నారాయన, గుమాస్తా జోగినాథంతో.

మొదటి వారంలోనే ఆ గదిలోకి జాకెట్లు కుట్టే హైమవతి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని వాళ్ళ అమ్మమ్మ పేరమ్మ వచ్చింది. హైమవతికి నలభై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళప్పుడు తల్లి శకుంతల పోతే పేరమ్మే పెంచి పెద్దచేసింది. భర్త పోయాక హైమవతి మళ్ళీ ఆ ఇంటికే వచ్చి కుట్టుమిషను పెట్టుకుంది. పేరమ్మకు ఎనభై ఆరు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడికంట్లో శుక్లం ముదిరి, మనిషి ఎదురుగా నిలబడితే తలుపనుకునేదాకా వచ్చింది. వచ్చే నెల ఇరవై ఆరో తారీకున పట్నం డాక్టర్లు మా ఆసుపత్రికి వచ్చి ఆపరేషన్లు చేస్తారు. మళ్ళీ ఆరు నెలలకు గాని రారు. అంతదాకా ఆగితే ఈ కన్ను కూడా దక్కదని చెప్పారు. ఆపరేషనుకు రక్తసంబంధీకుల సంతకం కావాలి. సంతకానికి వంశపత్రం కావాలి.

"దరఖాస్తుదారు ఎవరు?" అన్నారు విరూపాక్షం గారు.

"నేనేనండి. ఈవిడ మా అమ్మమ్మ."

"అది తేలవలసి ఉన్నది. ప్రస్తుతమునకు ఈమె మీ వెంట వచ్చిన ఒక వృద్ధ మహిళ."

పేరమ్మ గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. "ఎవరే హైమా, ఇతను?"

"ఆఫీసరు గారు, అమ్మమ్మా."

"ఏమంటాడు?"

"నువ్వు మా అమ్మమ్మవేనా అని అడుగుతున్నారు."

"ఆఁ, నేనే. అయిపోయిందిగా. పద, బస్సెళ్ళిపోద్ది."

"అమ్మా, తమరు చెప్పుట చెల్లదు" అన్నారు విరూపాక్షం గారు ఓపికగా. "తమరు మౌఖిక ఆధారము. మౌఖిక ఆధారము మూడవ తరగతికి చెందును. పైగా ఈ బంధుత్వమువలన తమరికి ప్రయోజనము కలదు."

"దీన్ని పెంచి నేను పొందిన ప్రయోజనమేంటయ్యా? నలభై అయిదేళ్ళలో నా మాట ఒక్కటి విన్లేదిది."

హైమవతి సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. బడి సర్టిఫికెట్టులో తండ్రి పేరుంది, తల్లి పేరుకు గడే లేదు. శకుంతల పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతిలో. ఆ ఏటి రిజిస్టరు చెదల పాలైంది. రేషను కార్డులో పేరమ్మ పేరుకెదురుగా 'ఇతరులు' అని రాసుంది. ఆఖరికి హైమవతి ఒక ఫోటో తీసింది. పేరమ్మ ఒళ్ళో మూడేళ్ళ పిల్ల, నెత్తిన పిలక, చేతిలో కొరికిన బిస్కెట్టు.

విరూపాక్షం గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ఒడి కలదు. బిడ్డ కలదు. ఒడి ఎవరిదో వ్రాసి లేదు."

"పైన మొహం ఉంది కదండీ!"

"మొహము ఆధారము కాదమ్మా. పోలికలను బట్టి వంశములు నిర్ణయించుట మొదలుపెట్టినచో ఊళ్ళో శాంతిభద్రతల సమస్య ఏర్పడును."

జోగినాథానికి దగ్గొచ్చింది. దరఖాస్తు మీద 'నిరాధారము' అని ముద్ర పడింది.

అలాంటి ముద్రలు ఆ నెలలో రెండు వేల పైచిలుకు పడ్డాయి. నెలాఖరున విరూపాక్షం గారు కమిషనరు గారికి నివేదిక పంపారు. 'పంతొమ్మిది వందల డెబ్బై ఒకటవ సంవత్సరమునకు పూర్వము ఈ పట్టణమున తండ్రులు మాత్రమే ఉండిరి. భార్యలు కొందరు ఉన్నట్లు ఓటర్ల జాబితాల వలన తెలియుచున్నది. తల్లులు ఉన్నట్లు ఎచ్చటను ఆధారము లభింపలేదు.'

కమిషనరు గారు అరవై ఎనిమిదిలో పుట్టినవారు. ఆయన నివేదిక రెండుసార్లు చదువుకుని ఫోను చేశారు.

"అంటే విరూపాక్షం గారూ, మా అమ్మ..."

"ప్రస్తుతమునకు లేరండి."

"పొద్దున్నే కదయ్యా ఉప్మాలో ఉప్పెక్కువైందని నాతో దెబ్బలాడింది!"

"దెబ్బలాట మౌఖికమండి."

ఇతర రకాల ఆధారాలను కూడా పరిశీలించమని కమిషనరు గారు ఆ మధ్యాహ్నమే రాసి పంపారు.

విరూపాక్షం గారు మూడు రోజులు పరిశీలించారు. ఏమీ తోచలేదు. నాలుగో రోజు జోగినాథం ఇంటి నుంచి తెచ్చుకున్న రాగి చెంబు ఎత్తి నీళ్ళు తాగుతుంటే ఆయన చూపు చెంబు అంచు మీద ఆగిపోయింది.

"ఆగు. దించకు. ఆ పేరు ఎవరిది?"

జోగినాథం గుటక మింగాడు. "ఎవరిదోనండి. మా అమ్మగారి పెళ్ళికి చదివించారు."

"తేదీ కూడా ఉన్నది!"

"ఉంటుందండి. గిన్నెలన్నింటి మీదా ఉంటుంది."

"అన్నింటి మీదనా!" విరూపాక్షం గారు కుర్చీలోంచి లేచారు. ఆగిపోయిన పరిశోధన ఇరవై ఆరేళ్ళకు మళ్ళీ కదిలింది. "జోగినాథం, రాజులు తమ పేర్లు దేని మీద చెక్కించిరి?"

"తెలీదండి."

"రాగి మీద! పేరు, తేదీ! వెయ్యేండ్ల తరువాత వాటిని మనము నమ్ముచున్నామా, లేదా? వంటింట్లో ఉన్నంత మాత్రాన రాగి రాగి కాకుండా పోవునా?"

జోగినాథం పెళ్ళయినవాడు. ఆ పేరు ఇచ్చినవాళ్ళదే గాని పుచ్చుకున్నవాళ్ళది కాదని చెప్పబోయాడు. అప్పటికే ఉత్తర్వు డిక్టేటు అవుతోంది. పేరూ తేదీ చెక్కి ఉన్న రాగి, ఇత్తడి, కంచు, స్టీలు పాత్రలన్నీ ఇక మీదట 'గృహశాసనములు'. మొదటి తరగతి ఆధారాలు. పాత్ర మీద ఎవరి పేరుంటే దరఖాస్తుదారు వారి సంతతి. ఒక పాత్రకు ఒక దరఖాస్తుదారు మాత్రమే.

మర్నాటి నుంచి ఆఫీసు ముందు బిందెలు, గంగాళాలు, గుండిగలు, కూజాలు, మరచెంబులు వరసకట్టాయి. చింతపండు రేటు పెరిగింది. తోమితే గాని పేరు కనిపించడం లేదు.

"అయ్యా, ఇది మా వంశం కాదండి, పెళ్ళికి చదివించినవాళ్ళ పేరండి" అని చెప్పిన ఆడవాళ్ళు ఒకరిద్దరు కాదు.

"అమ్మా, ఏ శాసనములోనైనను దాత పేరే ముందుండును" అన్నారు విరూపాక్షం గారు. ఆయన జన్మలో గిన్నె కొన్నది లేదు, ఒకరికి ఇచ్చింది లేదు. ఆ పనులన్నీ వాళ్ళావిడ సీతారత్నం చూసుకుంటుంది.

వరసలో నిలబడ్డ మంగతాయారు ఉన్నట్టుండి కేక పెట్టింది. "ఇదిగో, ఇది మా గంగాళం! మా రెండోవాడి అన్నప్రాసనప్పుడు తీసికెళ్ళి ఇవ్వనే లేదు నువ్వు! వాడికిప్పుడు నలభై!"

ఎదురింటావిడ గంగాళాన్ని చీరకొంగు కిందికి తోయాలని చూసింది. గంగాళం కొంగు కింద పడుతుందా?

"శాసనము ఎవరి స్వాధీనములో ఉన్నదో వంశము వారిదే" అని విరూపాక్షం గారు తీర్పు చెప్పారు. ఆ విధంగా గంగాళం మీద పేరున్న మంగతాయారు మామగారు ఎదురింటివాళ్ళకు తాత అయ్యాడు. ఆవిడ ఏడుస్తూ ఇంటికి వెళ్ళింది. గంగాళం పోయినందుకు, మామగారు పోయినందుకు కాదు.

హైమవతి ఇల్లంతా వెతికింది. పేరమ్మ తన ఇత్తడి సామానంతా డెబ్బైల్లోనే వీధిలోకొచ్చిన స్టీలువాడికి వేసేసి, మెరిసే గ్లాసులు తెచ్చుకుంది. తన పేరున్న గిన్నె ఒక్కటీ మిగల్లేదు. ట్రంకుపెట్టె అడుగున ఒక రాగి చెంబు దొరికింది. దాని మీద 'ఆ. మాణిక్యమ్మ, 9-6-1964' అని ఉంది. శకుంతల పెళ్ళికి వచ్చిన చెంబు. ఇక హైమవతి పెళ్ళినాటికి గిన్నెలిచ్చే రోజులు పోయి గోడగడియారాలు ఇచ్చే రోజులు వచ్చాయి. పదకొండు గడియారాలు వచ్చాయామెకు. వాటి మీద పేర్లు కాగితం మీద రాసి అంటించారు. కాగితాలు ఊడిపోయాయి.

"చెంబు ఎవరి పెట్టెలోది?" అన్నారు విరూపాక్షం గారు.

"అమ్మమ్మ పెట్టెలోదండి."

"అట్లయిన ఈమెకు చెందును. జోగినాథం, వ్రాయి. పేరమ్మ, ఆకుల మాణిక్యమ్మ గారి సంతతి."

పేరమ్మ పకపకా నవ్వింది. "మాణిక్యం కూతుర్నా నేను! అది నాకంటే ఆరేళ్ళు చిన్నదయ్యా!"

"వయస్సు మౌఖికమమ్మా."

"దానికసలు పిల్లల్లేరు! ఒక్క పురుడు పోసుకున్నది లేదు. అందుకేగా ప్రతి పెళ్ళికీ చెంబు పట్టుకుని బయల్దేరేది. కొందరు పిలవడానికి మొహమాటపడేవాళ్ళు, శుభం కాదని. పిలవకపోయినా వచ్చేది. చేతిలో చెంబుంటే పొమ్మనలేరుగా ఎవరూ. చెంబిచ్చి, అక్షింతలేసి, విస్తరి ముందు కూర్చోకుండా వెళ్ళిపోయేది."

విరూపాక్షం గారు కలం క్యాపు తీశారు. "దానశీలి అని వ్రాయి" అన్నారు.

"మరి నా సంగతండీ?" అంది హైమవతి.

"మీ వద్ద లోహము ఉన్నదా?"

"గడియారాలున్నాయి."

"ప్లాస్టిక్కు లోహము కాదు. మీరు నిరాధారులు."

పేరమ్మకు వంశపత్రం వచ్చింది. ఆ పత్రం ప్రకారం ఆమెకు హైమవతి ఏమీ కాదు. ఇరవై ఆరో తారీకుకు ఇంకా పదిహేడు రోజులుంది.

ఈలోగా ఊళ్ళో చెంబుల లెక్క తేలింది. వచ్చిన ప్రతి నాలుగు పాత్రల్లో మూడింటి మీద ఒకే పేరుంది. మిగిలిన ఒకటి తెచ్చిన ఇళ్ళలోనూ ఎవరో ఒకరి చెంబు మీద ఆ పేరే. మాణిక్యమ్మ ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు ఊళ్ళో పెళ్ళి ఒక్కటి వదల్లేదు. చెక్కేవాడికి ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరు చెంబు తెచ్చినా ముందు 'ఆ. మా' దాకా చెక్కేసి అప్పుడు అడిగేవాడట. రైసుమిల్లు వాళ్ళు మాణిక్యమ్మ సంతానం. సినిమాహాలు వాళ్ళూ మాణిక్యమ్మ సంతానమే. బసవయ్య గారు ఎవరికీ ఏమీ కాకుండా పోయారు. కమిషనరు గారు మాణిక్యమ్మ మనవడు. విరూపాక్షం గారు కూడా తమ తల్లిగారి పెళ్ళినాటి చెంబు చూపించి, మొదటి నంబరు వంశపత్రం తామే తీసుకుని, అద్దం కట్టించి కుర్చీ వెనక తగిలించారు. ఇంతటి చారిత్రక సత్యం తమ చేతుల మీదుగా బయటపడిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. మాది దేశంలోనే మొదటి 'ఏకవంశ పట్టణము' అని బస్టాండులో బోర్డు పెట్టారు.

బోర్డుకు రంగు ఆరకముందే చిక్కులు మొదలయ్యాయి. అందరూ ఒకే వంశమైతే ఎవరు ఎవరికి ఏమవుతారు? విరూపాక్షం గారు వరసల పట్టిక తయారుచేశారు. చెంబు మీద తేదీ ముందుదైతే వాళ్ళు పెద్ద శాఖ, తరువాతిదైతే చిన్న శాఖ. పెద్ద శాఖ మగవాళ్ళను చిన్న శాఖవాళ్ళు పెదనాన్న అని పిలవాలి. అరవై మూడేళ్ళ రిటైర్డు హెడ్మాస్టరు గారు కిళ్ళీకొట్టు కుర్రవాణ్ణి పెదనాన్నా అని పిలిచి ఒక సోడా అడిగారు. అతను మొహమాటపడి రెండిచ్చాడు.

తరువాత పెళ్ళయినవాళ్ళకు నోటీసులు వెళ్ళాయి. 'మీరిరువురును అన్నాచెల్లెండ్రుగా నిర్ధారితులైనందున, ఏ కారణముచే ఒకే గృహమున కాపురము చేయుచున్నారో పదిహేను దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' మా వీధి చివరి ఇంటాయన తాము మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయిందని రాసిచ్చాడు. ఆ ఫైలు మూసేశారు. కొత్త సంబంధాలు ఆగిపోయాయి. ఊళ్ళో పిల్లకు ఊళ్ళో పిల్లవాడు వరస కాడు.

అన్నిటికంటే మైల పెద్ద సమస్య అయింది. చేపల వీధిలో ఒక ముసలాయన పోతే ఊరంతటికీ పది రోజులు మైల. పూజారి గారు కూడా మాణిక్యమ్మ సంతానమే కావడంతో గుడి తలుపులు వేశారు. పది రోజులు పూర్తయ్యేలోగా ఇంకొకరు పోయారు. ఊరన్నాక పోతూనే ఉంటారు. గృహప్రవేశాలు, నామకరణాలు అన్నీ ఆగాయి. మైల లేనివాళ్ళు ఊళ్ళో హైమవతి లాంటి నిరాధారులు మాత్రమే. దీపం పెట్టడానికి, ముగ్గు వేయడానికి వాళ్ళను ఇంటింటికీ పిలుచుకెళ్ళారు.

పిలిచిన ప్రతి ఇంట్లోనూ హైమవతి ఒకటే అడిగింది. "మీరు మా అమ్మమ్మకు బంధువులే కదండీ ఇప్పుడు. ఇరవై ఆరో తారీకున వచ్చి ఒక్క సంతకం పెడతారా?"

"అయ్యో, పెట్టకేం!" అన్నవాళ్ళంతా ఆసుపత్రి కాగితం చదివాక వెనక్కి తగ్గారు. ఆపరేషనులో ఏదైనా అయితే సంతకం పెట్టినవారిదే బాధ్యత అని అందులో ఉంది. ఒకరికి నడుం నొప్పి వచ్చింది. ఒకరికి ఊరెళ్ళే పని పడింది. వరసకు పిన్ని అయినావిడ "మీ అమ్మమ్మ నాకు దగ్గర బంధువైతే పెట్టేదాన్నే. పధ్నాలుగు వందల ఇళ్ళ బంధువాయె" అంది.

ఇరవై అయిదో తారీకు ఉదయం హైమవతి మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. పేరమ్మ కూడా వస్తానంది. ఆ రోజు ఆమెకు గుమ్మం కూడా ఆనలేదు. కాలితో తడుముకుంటూ లోపలికి వచ్చింది.

"ఇన్ని వేలమందిని నాకు బంధువుల్ని చేశావే, ఒక్కడూ సంతకం పెట్టడేంటయ్యా?" అంది.

"నిర్ధారణ వరకే మా బాధ్యత. ఆప్యాయత మా పరిధిలోనికి రాదు."

"సరే. ఎవరికెవరు ఏమవుతారో రాసిన పుస్తకం ఉందటగా. అందులో నువ్వు నాకేమవుతావో చూడు."

విరూపాక్షం గారు కదలలేదు. జోగినాథం పట్టిక తిరగేశాడు. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అతను ఏ పనినీ అంత ఇష్టంగా చేయలేదు. "సారు చెంబు అరవైది, మామ్మగారి చెంబు అరవై నాలుగుది. సారుది పెద్ద శాఖండి. ఆవిడకు తమరు పెదనాన్న అవుతారండి."

"ఇంకేం మరి! ఇంట్లో పెద్దదిక్కుండగా ఊరంతా తిరుగుతున్నాం" అంది పేరమ్మ. చేతులు చాచి గాలిలో తడిమింది. "ఎక్కడున్నావు, పెదనాన్నా? రా, వచ్చి సంతకం పెట్టు."

వరసలో ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. విరూపాక్షం గారు వెనక్కి తిరిగి, అద్దంలో ఉన్న మొదటి నంబరు పత్రం వైపు చూశారు. అది తప్పంటే మిగిలినవన్నీ తప్పే.

"పెట్టెదను" అన్నారాయన నీరసంగా.

మర్నాడు ఆసుపత్రి నర్సు కాగితం చూసి నవ్వింది. "పేషెంటు వయసు ఎనభై ఆరు, పెదనాన్న వయసు యాభై రెండు అని పడిందండి. తారుమారైనట్టుంది, దిద్దమంటారా?"

"దిద్దనక్కరలేదు. ఆధారపూర్వకముగానే ఉన్నది" అన్నారు విరూపాక్షం గారు, గోడ వైపు చూస్తూ.

ఆపరేషను నలభై నిమిషాలు పట్టింది. లోపలి వరండాలో బంధువులకే చోటు కనక విరూపాక్షం గారు బెంచీ మీద కూర్చున్నారు. హైమవతి గేటు బయట నిలబడింది. సంచిలో అమ్మమ్మ కోసం తెచ్చిన పలచటి మజ్జిగ ఉంది. అది లోపలికి పంపడానికి కూడా బంధుత్వం కావాలన్నాడు గేటు దగ్గర మనిషి.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ తరువాతే విరూపాక్షం గారికి అసలు సంగతి తెలిసింది. సంతకం పెట్టినవారి ఇంటికి తప్ప పేషెంటును పంపరు. రోజుకు ఆరుసార్లు కంట్లో మందు వెయ్యాలి. తల వంచనివ్వకూడదు, దగ్గనివ్వకూడదు, ఒంటరిగా వదలకూడదు.

పేరమ్మ కంటికి కట్టుతో విరూపాక్షం గారింట్లో దిగింది. సీతారత్నాన్ని "పెద్దమ్మా" అని పిలిచి, కాఫీలో చక్కెర తక్కువైందంది, పప్పు ఉడకలేదంది, ఫ్యాను చప్పుడు చేస్తోందంది. రోజుకు ఆరుసార్లు విరూపాక్షం గారు చేతులు కడుక్కుని మందు సీసా పట్టుకుని వచ్చారు.

"పెదనాన్నా, చెయ్యి వణుకుతోందేంటి నీకు? హైమ అయితే తెలియకుండా వేసేది."

"ఆ వ్యక్తికి అధికారము లేదమ్మా."

ఆ వ్యక్తి రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి గేటు బయట నిలబడేది. రెండో రోజు సీతారత్నం గేటు తీసింది. విరూపాక్షం గారు ఇబ్బందిగా దగ్గితే "మీ ఆఫీసు కాదిది, నా ఇల్లు" అంది ఆవిడ. అయినా హైమవతి వరండా మెట్టు దాటి పైకి రాలేదు. పొరపాటున ఏదైనా రూలు తప్పితే అమ్మమ్మ కంటికి చేటు వస్తుందేమోనని ఆమె భయం.

నాలుగో రోజు సాయంత్రం నర్సు వచ్చి కట్టు విప్పింది. అప్పుడు వరండాలో విరూపాక్షం గారు, సీతారత్నం ఉన్నారు. హైమవతి మెట్టు మీద ఉంది.

పేరమ్మ కన్ను మెల్లగా తెరిచింది. నీళ్ళు కారాయి. ముందుగా ఎదురుగా ఉన్న విరూపాక్షం గారిని చూసింది.

"నువ్వా ఆఫీసరువి? గొంతు విని బారెడు మనిషివనుకున్నాను" అంది.

తరువాత ఆమె చూపు మెట్టు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. రెండేళ్ళ తరువాత చూస్తోంది.

"ఏమే! ఏంటే ఆ జుట్టు? ఎప్పుడు నెరిసింది అంతలా? నాకు కళ్ళు కనబడకపోతే నూనె రాసుకోవడం కూడా మానేశావా? నవిసిపోయి పుల్లలా తయారైంది, చూడు పెద్దమ్మా! ఏం తింటున్నావు, హైమా? తింటున్నావా అసలు? నాకు మజ్జిగ తెచ్చి గేటు దగ్గర నిలబడతావే, నువ్వు తాగావా? ఆ చెయ్యేంటి, ఆ సూది పోట్లేంటి? రాత్రిళ్ళు కూడా కుడుతున్నావు కదూ? ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఒళ్ళు బలిసిన గాడిదవే నువ్వు. రా ఇలా. రావేంటి? రా!"

హైమవతి మెట్టు ఎక్కింది. పేరమ్మ రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుని, ఇంకా తిడుతూనే, నెరిసిన వెంట్రుకల్ని ఒక్కొక్కటే చెవి వెనక్కి తోసింది.

విరూపాక్షం గారు మందు సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. సీతారత్నం ఆయన మొహంలోకి చూసి లోపలికి వెళ్ళి, వంశపత్రం పుస్తకం, కలం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రాయండి" అంది.

"ఆధారము అను గడి ఉన్నది. ఏమని వ్రాయను?"

"చూశారుగా. చూసింది రాయండి."

ఆయన పేర్లు రాశారు, బంధుత్వం రాశారు. ఆధారం గడి దగ్గర కలం ఆగింది. చివరికి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, వాడుక మాటల్లో ఇలా రాశారు: 'తిట్టింది. నేను విన్నాను.'

ఆ సాయంత్రమే హైమవతి అమ్మమ్మను ఆటోలో ఇంటికి తీసుకెళ్ళింది.

ఆ పత్రం కమిషనరు గారి బల్ల మీదికి వెళ్ళింది. ఉప్మా నాటి నుంచి ఆయన మనసులో ఒక ముల్లు అలాగే ఉండిపోయింది. ఆయన వెంటనే దాన్ని పూర్వనిర్ణయంగా స్వీకరించి కొత్త ఉత్తర్వు జారీ చేశారు. గృహశాసనములు రద్దు. ఇకపై అధికారి సమక్షంలో కనీసం మూడు నిమిషాలకు తగ్గకుండా, ఆపకుండా, సదరు దరఖాస్తుదారుకు మాత్రమే వర్తించేలా తిట్టగలిగిన పెద్దవాళ్ళను మొదటి తరగతి ఆధారంగా పరిగణించాలి.

మర్నాటి నుంచి ఆఫీసు ముందు అమ్మమ్మలూ నాయనమ్మలూ తల్లులూ వరసకట్టారు. జోగినాథం చేతి గడియారం చూసి టైము రాస్తున్నాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా వీధి వీధంతా తిట్లతో మారుమోగింది. కొందరికి మూడు నిమిషాలు చాలక మళ్ళీ రమ్మన్నారు. కొందరు మాత్రం పిల్లల్ని ఎదురుగా నిలబెట్టుకుని, ఏమీ అనలేక, ఊరికే ఏడ్చారు. వాళ్ళ దరఖాస్తులు పెండింగులో ఉన్నాయి.